బస్సులో పదోది

మా బడి బస్సుకు తొమ్మిదిమందిమి.
డ్రైవరు మావిస్. తేలు కుట్టినా
స్టీరింగు వదలదని ఆమెకు పేరు.
బాకా నది వెంట ఎర్రమట్టి దారి,
బడికీ ఇంటికీ డెబ్బై కిలోమీటర్లు,
నడుమ ఒక్క దీపమైనా లేదు.

ఆ సాయంత్రం బస్సు టక్కున ఆగింది.
దారి పక్కన పడుకుని ఉంది
నీలిబూడిద రంగు ఆడ కంగారు.
నిద్ర కాదు. రాత్రి ఏ లారీయో తగిలింది.
"చూడకండి" అంది మావిస్.
అందరం చూశాం.

మోకాళ్ళ మీద కూర్చుని
దాని పొట్టసంచిలో చెయ్యి పెట్టింది,
కరెంటు పోయినప్పుడు
అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు.
తీసేసరికి అరచేతిలో రెండు పెద్ద చెవులు,
సన్నటి నూగు, చాలా పొడుగు కాళ్ళు,
వాటన్నిటికీ సరిపోని చిన్న ప్రాణం.

పేరు దానిది కంగారు,
కంగారు పడిందేమో మేము.
లాటీ తన ఉన్నిటోపీ తీసి చాపింది.
తల ముందు దూర్చి, లోపలే పల్టీ కొట్టి,
ముక్కు మాత్రం బయట పెట్టిందది,
ఆ టోపీలోనే పుట్టినట్టు!

"పుట్టినప్పుడు ఎంతుంటుంది?" అన్నాడు డారెల్.
"చిక్కుడుగింజంత.
కళ్ళు తెరుచుకోవు. చెవులు వినవు.
వెనక కాళ్ళు ఇంకా కాళ్ళే కావు.
అయినా అమ్మ బొచ్చు పట్టుకుని
ముందు చేతులతోనే పాకి పాకి
సంచిదాకా ఎక్కుతుంది. ఎవరూ ఎత్తరు.
నువ్వు పుట్టిన రోజే
గాలిమర నిచ్చెన ఎక్కినట్టు.
పాలు అందుకుందా, ఇక నెలల తరబడి
నోరు తెరవదు. నీలా కాదు."
బస్సంతా నవ్వింది, డారెల్ తప్ప.

"ఆ అమ్మ దగ్గరే రెండు రకాల పాలు,
గంతులేసే పెద్దదానికి చిక్కనివి,
గింజంత చిన్నదానికి పల్చనివి.
ఎవరి చన్ను వాళ్ళది. పేచీ లేదు."
"మా ఇంట్లో ఒక్క రిమోటుకే యుద్ధం"
అని నిట్టూర్చింది లాటీ.

పేరు పెట్టొద్దంది మావిస్,
పెడితే వదల్లేరంది.
అందుకని అంకె పెట్టాం: పదోది.

సీటు వెనక కొక్కేనికి దిండుగలీబు,
గలీబులో టోపీ, టోపీలో పదోది.
నాలుగు గంటలకోసారి సీసాపాలు.
కుడిచెవి డారెల్ వైపు, ఎడమచెవి కిటికీ వైపు,
ఏ చెవి పని ఆ చెవిదే.

ఎండాకాలం నలభై ఆరు డిగ్రీలు.
మేం పుస్తకాలతో విసురుకుంటుంటే
అది ముంజేతులు నాక్కుంటోంది.
తడి ఆరుతుంటే ఒళ్ళు చల్లబడుతుందట.
మేమూ నాకి చూశాం.
ఉప్పగా ఉంది, అంతే.

మెల్లగా నడిస్తే తోక నేలకు ఆన్చి
ఐదో కాలు చేసుకుంటుంది.
గంతేస్తే ఆ తోకే తూకం.
వెనక్కి నడవడం మాత్రం చేతకాదు,
ఒకసారి సీట్ల మధ్య ఇరుక్కుని
మా సంచులన్నీ దొర్లించి తిరిగింది.

పెద్దదయ్యాక, వాన పడిన వారం,
గడ్డి మొలిచిన మైదానంలో వదిలాం.
దూరంగా ఒక మంద. మగవి ఇటుక రంగు,
ఆడవి పొగ రంగు.
మూడు గంతులేసి ఆగింది.
నాలుగో గంతుకి ఏది పదోదో తెలియలేదు.

మళ్ళీ చూసింది చలి మొదలయ్యాక.
ఎడమచెవికి చిన్న గాటు, అదే!
"పదోదీ!" అని తొమ్మిది గొంతులు.
తలెత్తింది. చెవులు తిప్పింది.
వెనక పాదాలతో ధన్‌మని నేలను కొట్టింది.
ఆ ఒక్క చప్పుడుకు మందంతా లేచి
దుమ్ములో కలిసిపోయింది.

డారెల్ కళ్ళు తుడుచుకున్నాడు.
"మనల్ని గుర్తే పట్టలేదు."
మావిస్ గేరు మార్చింది.
"బస్సును గుర్తుపట్టింది నాయనా.
అందర్నీ రోడ్డుకు దూరంగా తీసుకుపోయింది."

కొక్కేనికి టోపీ ఇంకా వేలాడుతోంది.
చెవులు గడ్డకట్టే చలిలోనూ
లాటీ దాన్ని అడగలేదు.